ఒక్క జాతీయ టైటిల్ లేని 1,055 గెలుపులు

వివియన్ స్ట్రింగర్ గురించి ఎప్పట్నుంచో రాయాలనుకుంటున్నాను. న్యూజెర్సీలో, ముఖ్యంగా ఎడిసన్, పిస్కాటవే చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకి రట్గర్స్ అంటే పిల్లల ఇంజనీరింగ్ సీటు, ఫార్మసీ సీటు, ఇన్‌స్టేట్ ఫీజు. అదే యూనివర్సిటీలో 1995 నుంచి పాతికేళ్ళకు పైగా అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుని నడిపిన మనిషి పేరు చెబితే మాత్రం చాలామంది "ఎవరూ?" అంటారు. తెలిసినవాళ్ళు కూడా తరచుగా అనే మాట ఒకటే: గొప్ప కోచే, కానీ జాతీయ ఛాంపియన్‌షిప్ కొట్టలేదు కదా అని. ఆ మాట నాకు అస్సలు మింగుడుపడదు. యాభై ఏళ్ళ కెరీర్‌ని అలా ఒక్క ముక్కలో తీసిపారేయడం అన్యాయం.

ముందు లెక్కలు చెప్పేస్తాను, ఎందుకంటే ఆట గురించి మాట్లాడేవాళ్ళు ముందు అడిగేవి అవే. 1,055 గెలుపులు, 426 ఓటములు. చేనీ స్టేట్‌లో 251, అయోవాలో 269, రట్గర్స్‌లో 535. మూడు వేర్వేరు కాలేజీలని ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ టోర్నమెంట్‌లో చివరికి మిగిలే నాలుగు జట్లలోకి, తీసుకెళ్ళిన మొదటి కోచ్ ఆవిడే. అమ్మాయిల ఆటలోనే కాదు, అబ్బాయిల ఆటని కలుపుకుని చూసినా ఆవిడే మొదటి మనిషి. 1982లో చేనీ, 1993లో అయోవా, 2000లో, మళ్ళీ 2007లో రట్గర్స్. నాలుగు సార్లు వెళ్ళినా కప్పు మాత్రం చేతికి రాలేదు. టెనెసీలో పాట్ సమిట్‌కి ఎనిమిది టైటిళ్ళు, స్టాన్‌ఫర్డ్‌లో టారా వాన్‌డర్‌వీర్‌కి మూడు, కనెటికట్‌లో జీనో ఆరియమ్మాకి పన్నెండు. ఈ పేర్ల పక్కన పెట్టి చూసి స్ట్రింగర్‌ని ఒక మెట్టు కింద నిలబెడతారు. కానీ ఆ మిగతా ముగ్గురూ పేరు తెచ్చుకున్నది ఒక్కొక్క చోట దశాబ్దాల పాటు ఉండి, తాము కట్టుకున్న జట్టు మీదే తరవాతి జట్టుని కట్టుకుంటూ. స్ట్రింగర్ కట్టినదాన్ని వదిలేసి రెండుసార్లు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టారు. పైగా ఆవిడ మొదలుపెట్టిన చోట అసలు పునాది అన్నదే లేదు.

పుట్టింది 1948లో, పెన్సిల్వేనియాలో ఈడెన్‌బోర్న్ అనే బొగ్గుగనుల ఊళ్ళో, ఆరుగురు పిల్లల్లో పెద్దది. తండ్రి గని కార్మికుడు. జబ్బు చేసి కాళ్ళు తీసేయాల్సి వచ్చినా మళ్ళీ గనిలో పనికే వెళ్ళిన మనిషి. ఆవిడ చదివిన హైస్కూల్లో అమ్మాయిలకి ఆటల జట్లే లేవు, మిగిలింది చీర్‌లీడింగ్ ఒక్కటి. అందులోకి నల్లజాతి అమ్మాయి అని తీసుకోకపోతే స్కూల్ బోర్డుని నిలదీసి ఆ చోటు సంపాదించుకున్నారు. తరవాత స్లిప్పరీ రాక్ కాలేజీలో దొరికిన ఆటల్లా ఆడారు. ఆ చిన్నతనం గురించి ఇంతకంటే ఎక్కువ రాయను. మనవాళ్ళు ఎవరి గురించి రాసినా కష్టాల చిట్టా విప్పుతారు, అసలు పని గురించి రాసే సరికి ఓపిక అయిపోతుంది. నాకు ఆవిడ పని ముఖ్యం.

1971లో ఫిలడెల్ఫియా దగ్గర చేనీ స్టేట్‌లో అధ్యాపకురాలిగా చేరారు. 1837లో మొదలైన కాలేజీ అది, నల్లజాతి విద్యార్థుల కోసం ఈ దేశంలో పుట్టిన కాలేజీల్లో అన్నిటికంటే పాతది. పేరు పెద్దదే గానీ చేతిలో డబ్బు లేదు. అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచింగ్‌కి జీతం లేదు, పాఠాలు చెప్పుకుంటూ ఊరికే చేశారు. ఆ సంవత్సరానికి టైటిల్ నైన్ కూడా రాలేదు. ఫెడరల్ డబ్బు తీసుకునే చదువుల సంస్థల్లో ఆడా మగా తేడా చూపకూడదన్న ఆ చట్టం 1972లో వచ్చింది, దాని ఫలితం మైదానాల్లో కనిపించడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అంటే ఆవిడ ఈ పని మొదలుపెట్టిన రోజుకి ఇది ఒక వృత్తి కాదు. ఇందులో ఎదుగుతాం, ఇల్లు గడుస్తుంది అని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు.

అదే కాలేజీలో అబ్బాయిల కోచ్ జాన్ చేనీ. తరవాత టెంపుల్ యూనివర్సిటీలో పెద్ద పేరు తెచ్చుకున్నాయన. కాలేజీ పేరు, ఆయన పేరు ఒకేలా ఉండటం కేవలం యాదృచ్ఛికం, కంగారు పడకండి. ఇద్దరూ ఒకే జిమ్ వాడుకున్నారు, రెండు జట్లూ పక్కపక్కనే ప్రాక్టీస్ చేశాయి, ఒకరి ఆలోచనలు ఒకరు తీసుకున్నారు. ఒకే చిన్న కాలేజీలో ఒకే కాలంలో పనిచేసిన ఇద్దరు కోచ్‌లు తరవాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే బాస్కెట్‌బాల్ మహామహుల జాబితాకి, వెళ్ళారంటే ఆ జిమ్‌లో రోజూ ఎలాంటి మాటలు నడిచి ఉంటాయో వినాలనిపిస్తుంది నాకు.

ఇక 1982. అమ్మాయిల బాస్కెట్‌బాల్‌కి కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంఘం ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంట్ పెట్టడం అదే మొదటిసారి, 32 జట్లతో. అంతవరకూ ఈ ఆటని ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంఘం నడిపేది. పెద్ద పెద్ద స్టేట్ యూనివర్సిటీల మధ్య చేనీ ఫైనల్ దాకా వెళ్ళింది. నార్ఫోక్‌లో సెమీఫైనల్లో మేరీలాండ్‌ని ఓడించి, ఫైనల్లో లూసియానా టెక్ చేతిలో 76-62తో ఓడిపోయింది. అంత చిన్న నల్లజాతి కాలేజీ ఒకటి డివిజన్ వన్, అంటే కాలేజీ ఆటలో అన్నిటికంటే పైస్థాయి, ఫైనల్ ఆడటం అంతకుముందు లేదు.

ఆ సీజన్ ఆవిడ ఎలా గడిపారో తెలిస్తే ఆ స్కోరు వేరేగా కనిపిస్తుంది. 1981 నవంబర్లో, ఏడాది దాటి కొన్ని నెలలే అయిన వాళ్ళ పాపకి స్పైనల్ మెనింజైటిస్ అనే మెదడు, వెన్నుపాము పొరల జబ్బు వచ్చింది. ప్రాణం దక్కింది గానీ నడక రాలేదు, మాట రాలేదు. ఆవిడ హాస్పిటల్‌కీ జిమ్‌కీ మధ్య తిరుగుతూనే ఆ జట్టుని ఫైనల్‌కి తెచ్చారు. నేనూ ఒక తల్లినే కాబట్టి ఈ భాగం చదివినప్పుడల్లా చదవడం ఆపేసి కాసేపు లేచి తిరగాలనిపిస్తుంది. ఆ పరిస్థితిలో మానేస్తే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. మానలేదు కాబట్టి గొప్ప అని కూడా నేను అనను, పిల్ల కోసం ఉద్యోగం మానేసిన తల్లులు ఎవరికీ తక్కువ కాదు. నేను చెప్పేది ఇంతే: 1982 ఫైనల్‌ని "ఓటమి" అన్న గడిలో వేసి వదిలేసేవాళ్ళు ఆ ఏడాది ఏం జరిగిందో ఒకసారి చదవాలి.

ఇంకో సంగతి. ఆ ఫైనల్ జరిగింది 1982 మార్చి 28న. సరిగ్గా అదే రోజు ఫిలడెల్ఫియాలో ఏఐఏడబ్ల్యూ వాళ్ళ చిట్టచివరి ఛాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది, అందులో టెక్సస్‌ని ఓడించి గెలిచింది రట్గర్స్. కొత్త టోర్నమెంట్ మొదటి ఫైనల్లో ఓడిపోయిన కోచ్, పాత టోర్నమెంట్ చివరి ఫైనల్ గెలిచిన కాలేజీకి పదమూడేళ్ళ తరవాత వచ్చారు.

మధ్యలో అయోవా. 1983లో అక్కడి మహిళల ఆటల విభాగం అధిపతి క్రిస్టీన్ గ్రాంట్ ఆవిడని పిలిపించారు. టైటిల్ నైన్ కోసం ఏళ్ళ తరబడి కొట్లాడిన మనిషి గ్రాంట్, ఎవరిని తెస్తున్నారో ఆవిడకి బాగా తెలుసు. రెండో సీజన్‌కే, 1985 ఫిబ్రవరి 3న, ఒహాయో స్టేట్‌తో మ్యాచ్‌కి కార్వర్-హాకై అరీనాకి 22,157 మంది వచ్చారు. అంతమంది కూర్చోవడానికి అక్కడ సీట్లు లేవు, మెట్ల మీద, నడవల్లో నిలబడి చూశారు. అమ్మాయిల కాలేజీ మ్యాచ్‌కి అంతమంది రావడం అప్పటికి రికార్డు. ఆ రోజు అయోవా ఓడిపోయింది, అయినా అందరికీ గుర్తున్నది ఆ జనమే. ఈ మధ్య కెయిట్లిన్ క్లార్క్ ఆటకి అయోవాలో జనం విరగబడ్డారని అందరం ఆశ్చర్యపోయాం కదా, ఆ అలవాటు ఆ ఊళ్ళో దాదాపు నలభై ఏళ్ళ కిందే మొదలైంది. 1993 తరవాత అయోవా మళ్ళీ ఫైనల్ ఫోర్‌కి వెళ్ళింది 2023లో, క్లార్క్‌తో. మధ్యలో ముప్ఫై ఏళ్ళు.

ఆ 1993 సీజన్ మొదలయ్యే వేళకి, 1992 థాంక్స్‌గివింగ్ రోజున, ఆవిడ భర్త గుండెపోటుతో చనిపోయారు. వయసు 47. ముగ్గురు పిల్లలు, అందులో ఒకరికి రోజంతా మనిషి తోడు కావాలి. ఆ సీజన్లోనే అయోవాని ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్ళారు, సెమీఫైనల్లో అదే ఒహాయో స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో ఒకే ఒక్క పాయింట్‌తో, 73-72, ఓడిపోయారు. ఒక్క పాయింట్! కప్పు కొట్టలేదు కదా అనేవాళ్ళతో నేను వాదించేటప్పుడు ఈ స్కోరే చెప్తాను.

1995లో రట్గర్స్. ఇక్కడికొచ్చేటప్పుడు దీన్ని తూర్పు తీరపు రత్నంలా చేస్తానని మాటిచ్చారు. ఐదేళ్ళలో ఫైనల్ ఫోర్, 2000లో ఫిలడెల్ఫియాలో, టెనెసీ చేతిలో ఓటమి. నాకు మాత్రం ఆవిడ కోచింగ్ అంతా ఒకేచోట కనిపించేది 2006-07 సీజన్లో, అందుకే దాని గురించి కొంచెం సాగదీస్తాను, ఓపిక పట్టండి.

జట్టులో పది మందే. అందులో ఐదుగురు అప్పుడే కాలేజీలో చేరిన ఫస్టియర్ పిల్లలు, ఫైనలియర్ వాళ్ళు ఒక్కరూ లేరు. మొదటి ఆరు మ్యాచ్‌ల్లో నాలుగు ఓడారు. డిసెంబర్లో సొంత కోర్టులో డ్యూక్ వచ్చి 85-45తో, నలభై పాయింట్ల తేడాతో, చితక్కొట్టి వెళ్ళింది. ఆ స్థితి నుంచి మార్చికల్లా ఆ పిల్లలు తమ కాలేజీల కూటమి బిగ్ ఈస్ట్ టోర్నమెంట్ ఫైనల్లో కనెటికట్‌ని, అదీ హార్ట్‌ఫర్డ్‌లో వాళ్ళ జనం మధ్యలో, 55-47తో ఓడించారు. ఆ తరవాత జాతీయ టోర్నమెంట్‌లో మళ్ళీ డ్యూక్ ఎదురైంది. రెగ్యులర్ సీజన్ అంతా ఒక్క మ్యాచ్ కూడా ఓడని డ్యూక్. 53-52 ఆధిక్యంలో రట్గర్స్, గడియారంలో మిగిలింది సెకనులో పదో వంతు, ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన లిండ్సే హార్డింగ్ చేతిలో రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డురాకుండా వేసే ఒక్కో పాయింట్ షాట్లు. రెండూ తప్పాయి. అదృష్టం అనొచ్చు, కానీ నాలుగు నెలల కింద నలభై పాయింట్లతో ఓడించిన జట్టుని ఆఖరి సెకను దాకా తీసుకొచ్చి నిలబెట్టింది అదృష్టం కాదు.

ఎలా చేశారన్నదే అసలు విషయం. ఆవిడ జట్లు స్కోరు చేయడంలో ఎప్పుడూ అంత గొప్పవి కావు, ఇది నేను ఒప్పుకుంటాను. కొన్ని మ్యాచ్‌లు చూస్తే షాట్ ఎవరు వేయాలో తెలియక పిల్లలు నిలబడిపోయినట్టుంటుంది. కానీ డిఫెన్స్! దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "55". మామూలుగా బాస్కెట్ పడగానే జట్లు వెనక్కి పరిగెత్తి తమ సగంలో కాపు కాస్తాయి. స్ట్రింగర్ అమ్మాయిలు అలా పోరు. అవతలివాళ్ళు బంతి లోపలికి వేసే చోటే, కోర్టు ఆ చివర్నే పట్టుకుంటారు. బంతి అందుకున్న అమ్మాయి మీదకి ఇద్దరు, పాస్ వెళ్ళగలిగే దారుల్లో మిగతావాళ్ళు. అప్పట్లో అమ్మాయిల కాలేజీ ఆటలో పది సెకన్లలో సగం కోర్టు దాటాలన్న రూల్ లేదు, అది 2013-14 సీజన్లో వచ్చింది. ఉన్నదల్లా 30 సెకన్ల షాట్ క్లాక్, ఆ లోపు షాట్ వేసెయ్యాలన్న గడువు. అంటే కోర్టంతా ఇలా ఒత్తిడి పెట్టే ఈ ప్రెస్ పని బంతి లాక్కోవడం ఒక్కటే కాదు, ఆ ముప్ఫై సెకన్లని తినేయడం. కష్టపడి సగం దాటేసరికి అవతలి జట్టుకి ఆలోచించుకునే టైమ్ ఉండదు, కాళ్ళలో బలం ఉండదు, మొదట కనిపించిన షాట్ వేసేస్తారు. ఇది ఒక రోజు ఎత్తుగడలా వేసేది కాదు, రోజూ పరిగెత్తించి పరిగెత్తించి ఒంట్లోకి ఎక్కించాల్సిన అలవాటు. ఐదుగురిలో ఒక్కరు అర అడుగు ఆలస్యం చేసినా మొత్తం తెరుచుకుపోతుంది. అందుకే ఆవిడ పిల్లల్ని ఎంపిక చేసేటప్పుడు స్కోరు ఎంత కొడతారన్నదానికంటే ఎంతసేపు ఆగకుండా నిలబడతారన్నదే చూసి ఉంటారని నా ఊహ. ఆ ఏడాది సెమీఫైనల్లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మొత్తం మ్యాచ్‌లో చేసింది 35 పాయింట్లు.

ఫైనల్లో టెనెసీ 59, రట్గర్స్ 46. ఏప్రిల్ 3న. మర్నాడు పొద్దున డాన్ ఐమస్ అనే రేడియో వ్యాఖ్యాత తన షోలో ఆ అమ్మాయిల గురించి జాతి పేరుతో, ఆడపుట్టుక పేరుతో ఒక నీచమైన మాట అన్నాడు. ఆ మాట నేనిక్కడ రాయను. ఫైనల్ ఆడి ఇంటికొచ్చిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలు దేశమంతా వార్తల్లోకి వచ్చారు, ఆట వల్ల కాదు, ఆ మాట వల్ల. ఏప్రిల్ 10న ప్రెస్ మీట్ పెట్టారు. స్ట్రింగర్ ముందు మాట్లాడింది ఆ మాట గురించి కాదు, ఈ పిల్లలు ఎవరు అన్నదాని గురించి. స్కూల్లో ఫస్టొచ్చినవాళ్ళు, సంగీతం నేర్చినవాళ్ళు, డాక్టర్లు కావాలనుకుంటున్నవాళ్ళు, ఒక్కొక్కరి గురించి, తొందర లేకుండా. తరవాత ఎసెన్స్ కార్సన్ లాంటి అమ్మాయిలు తమ మాట తామే చెప్పుకున్నారు. రెండు రోజులకి అతని షో నడిపే సీబీఎస్ సంస్థ అతన్ని తీసేసింది. ఆ రాత్రే జట్టు అతన్ని ముఖాముఖి కలిసింది, అతని క్షమాపణ విని, స్వీకరించింది. కోచ్ ఉద్యోగంలో ఇదేదీ రాసిపెట్టి ఉండదు. ఏ ప్రాక్టీసులోనూ నేర్పరు. ఆ వారం ఆవిడ ఆ పిల్లల ముందు నిలబడిన తీరు నాకు ఏ ఫైనల్ కంటే పెద్దది.

ఇక్కడ ఒక మాట మనవాళ్ళ గురించి. మా అమ్మాయి స్కూల్ టీమ్‌లో ఆడుతోంది అనగానే నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా అని. రెండో ప్రశ్న, ఏమైనా గెలిచారా అని. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, మన పిల్లల మీద ప్రేమతోనే అడుగుతారు. కానీ ఒక పిల్ల ఆటలో ఏం నేర్చుకుంది, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఆ కోచ్ ఆ పిల్లతో ఎలా మాట్లాడుతుంది అని అడిగినవాళ్ళు నాకింతవరకూ చాలా తక్కువ. కోచ్‌ని ఎంచుకునేటప్పుడు గోడ మీద ట్రోఫీలు లెక్కపెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఆ లెక్కన స్ట్రింగర్ దగ్గరికి మనం పిల్లల్ని పంపేవాళ్ళం కాదు.

2009లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, మైకేల్ జోర్డాన్‌తో పాటు అదే సంవత్సరం. 2018 నవంబర్ 13న వెయ్యో గెలుపు. డివిజన్ వన్ కాలేజీ బాస్కెట్‌బాల్‌లో వెయ్యి దాటిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ కోచ్ ఆవిడ.

ఆఖరి ఏళ్ళు అంత బాగా సాగలేదు, అది దాచాల్సిన అవసరం లేదు. 2016-17లో రట్గర్స్ ఆరు మ్యాచ్‌లే గెలిచి 24 ఓడింది. ఇక దిగిపోవాలి అన్న మాటలు గట్టిగానే వినిపించాయి. రెండేళ్ళలో మళ్ళీ జట్టుని జాతీయ టోర్నమెంట్‌కి తెచ్చారు, డెబ్భై దాటిన వయసులో. 2021-22 సీజన్ కోవిడ్ భయంతో సెలవులో ఉన్నారు, ఆ వసంతంలో రిటైర్మెంట్ ప్రకటించారు. రట్గర్స్ ఆడే కోర్టుకి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది. చేనీ మాత్రం డబ్బు చాలక 2018లో ఎన్‌సీఏఏ నుంచే తప్పుకుంది. 1982లో ఫైనల్ ఆడిన కాలేజీ! ఆ వార్త చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే అంత తక్కువతో అంత పెద్ద పని చేసిన చోటుని ఎవరైనా పట్టుకుని నిలబెట్టాల్సింది.

చేనీ 1982 జట్టులో యోలాండా లేనీ అని ఆల్ అమెరికన్ (దేశంలో మేటి కాలేజీ క్రీడాకారిణి) స్థాయి గార్డ్ ఉండేది. ఆమె కూతురు బెట్నైజా లేనీ దాదాపు ముప్ఫై ఏళ్ళ తరవాత రట్గర్స్‌కి వచ్చి అదే కోచ్ దగ్గర నాలుగేళ్ళు ఆడింది, తరవాత అమ్మాయిల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏకి వెళ్ళింది. తాను ఈ కోచ్ చేతిలో ఏం పడిందో, ఎంత పరిగెత్తిందో అన్నీ తెలిసిన తల్లి, కూతుర్ని కూడా అదే చేతుల్లో పెట్టింది. స్ట్రింగర్‌కి టైటిల్ లేదు కదా అని ఈసారి ఎవరైనా అంటే ఈ తల్లీకూతుళ్ళ పేర్లు చెప్పండి.

ఆసక్తి ఉంటే 2007 రట్గర్స్-డ్యూక్ రెండో మ్యాచ్ వీడియో ఎక్కడైనా దొరుకుతుందేమో వెతికి చూడండి. స్కోరు మెల్లగా కదులుతుంది, బోర్ అని మొదటి పది నిమిషాల్లో ఆపేయకండి. బంతి వెంట చూడొద్దు. డ్యూక్ బంతి లోపలికి వేస్తున్నప్పుడు రట్గర్స్ జట్టులో బంతికి దూరంగా ఉన్న ముగ్గురు అమ్మాయిలు ఎక్కడ నిలబడ్డారో, పాస్ చేతిలోంచి బయటపడకముందే ఎటు కదులుతున్నారో చూడండి. డిసెంబర్లో నలభై పాయింట్లతో ఓడినవాళ్ళు వీళ్ళే.